దావత్‌లో స్టీల్ ప్లేటు సరే.. చాయ్ కప్పు సంగతేంటి? సిద్దిపేట చెబుతున్న సగం కథ

సిద్దిపేట: ఊళ్లో లగ్గం. పందిరి కింద బంతి కూర్చుంది. బగారా అన్నం, మటన్ కూర, పచ్చి పులుసు.. అన్నీ స్టీల్ ప్లేట్లలోనే. మంచినీళ్లు స్టీల్ గ్లాసుల్లో. బంతి లేచాక చూస్తే ప్లాస్టిక్ కుప్ప లేదు, గాలికి ఎగిరే థర్మాకోల్ ప్లేట్లు లేవు. స్టీల్ బ్యాంక్ నడుస్తున్న సిద్దిపేట జిల్లా ఊళ్లలో ఇది కొత్త దృశ్యమేమీ కాదు.

అదే లగ్గానికి వచ్చిన చుట్టాలు తిరుగు ప్రయాణంలో బస్టాండ్ దగ్గర ఆగితే? పొగలు కక్కే చాయ్ పేపర్ కప్పులో. మిర్చి బజ్జీ పాత న్యూస్ పేపర్ ముక్కలో. రాత్రికి కర్రీ పాయింట్ నుంచి వేడి వేడి సాంబార్ పల్చటి కవర్‌లో. మధ్యాహ్నం ప్లేటు దగ్గర గెలిచిన పోరులో, సాయంత్రం కప్పు దగ్గర ఓడిపోతున్నాం.

ఎందుకిలా? ప్లేటు మార్చగలిగిన ఊరు కప్పును ఎందుకు మార్చలేకపోతోంది? తిండితో పాటు ఒంట్లోకి వెళ్తున్న రసాయనాల గురించి మాట్లాడుకోవాలంటే ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి.

స్టీల్ బ్యాంక్ అంటే ఏంటి?

పేరుకు బ్యాంకే గానీ డబ్బులుండవు. ప్లేట్లు, గ్లాసులు, గిన్నెలు, గరిటెలు ఉంటాయి. ఎవరింట్లో ఫంక్షన్ ఉంటే వాళ్లు నామమాత్రం అద్దె కట్టి తీసుకెళ్లాలి. పని అయ్యాక తోమి, లెక్క చూసి తిరిగి అప్పజెప్పాలి. మాజీ మంత్రి, సిద్దిపేట ఎమ్మెల్యే హరీశ్‌రావు చొరవతో జిల్లాలోని గ్రామాల్లో, పట్టణ వార్డుల్లో ఇవి ఏర్పాటయ్యాయి. మహిళా సంఘాలు వీటిని చూసుకుంటున్నాయి.

దీని లెక్క చాలా సింపుల్. ఐదు వందల మంది వచ్చే దావత్ అనుకుందాం. మనిషికి ఒక ప్లేటు, రెండు గ్లాసులు, ఒక కప్పు, ఒక స్పూన్ వేసుకున్నా మొత్తం 2,500 డిస్పోజబుల్ వస్తువులు. అన్నీ అరగంట వాడకానికే. ఆ తర్వాత వాటి దారి ఊరి బయటి చెత్తకుప్ప, లేదంటే చెరువు కట్ట, లేదంటే మంట.

నిజానికి స్టీల్ బ్యాంక్ పుట్టింది చెత్త తగ్గించడానికే. రసాయనాల గురించి, హార్మోన్ల గురించి అప్పట్లో పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. కానీ గత కొన్నేళ్లలో వచ్చిన పరిశోధనలు చూస్తే, చెత్త కోసం మొదలుపెట్టిన ఈ పనే ఒంటికీ రక్షణగా మారిందని అర్థమవుతుంది.

వేడి తగిలితే ఏం జరుగుతుంది?

ప్లాస్టిక్ అంటే ఒకే పదార్థం కాదు. అసలు పాలిమర్‌తో పాటు రంగు కోసం, మెత్తదనం కోసం, ఎండకు పాడవకుండా ఉండటం కోసం రకరకాల రసాయనాలు కలుపుతారు. వీటిలో చాలావరకు ప్లాస్టిక్‌కు గట్టిగా అతుక్కుని ఉండవు. అవకాశం దొరికితే పక్కనున్న పదార్థంలోకి జారుకుంటాయి.

ఆ అవకాశం ఇచ్చేవి నాలుగు. ఒకటి వేడి. రెండు నూనె, కొవ్వు. మూడు పులుపు. నాలుగు ఎంతసేపు తగిలి ఉందన్నది. ఇప్పుడు మన వంటల్ని గుర్తు చేసుకోండి. చింతపండు పులుసు పోసిన సాంబార్. పైన నూనె తేలే మటన్ కూర. మరుగుతున్న చాయ్. పొయ్యి మీద నుంచి దించి నేరుగా కవర్‌లో పోసి, ముడి వేసి, ఇంటికెళ్లేదాకా ముప్పావుగంట అందులోనే ఉంచితే నాలుగూ ఒకేచోట కలిసినట్టే. చల్లటి మంచినీళ్ల విషయంలో ఇంత సమస్య ఉండదు.

మన ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో తెచ్చిన ప్యాకేజింగ్ నిబంధనల్లో దీనికి ఒక హద్దు ఉంది. ప్లాస్టిక్ ప్యాకింగ్ నుంచి కిలో ఆహారంలోకి మొత్తం కలిపి 60 మిల్లీగ్రాములకు మించి పదార్థాలు దిగకూడదు. అంటే కొంత దిగుతుందని ప్రభుత్వ నిబంధనే ఒప్పుకుంటోంది. ఎంతవరకు అన్నదే ప్రశ్న.

ఇక్కడే అసలు చిక్కు. ఈ పరీక్ష కంపెనీ పేరు, ఫుడ్ గ్రేడ్ ముద్ర ఉన్న సరుకుకు వర్తించినట్టుగా, కర్రీ పాయింట్‌లో కిలోల లెక్కన కొని తెచ్చే పేరూ ఊరూ లేని కవర్‌కు వర్తించదు. మంచి ఫుడ్ గ్రేడ్ పాలిథిన్‌లో మెత్తదనం కోసం ఫథలేట్ల వంటివి కలపాల్సిన అవసరం లేదు. కానీ ఏ ముడిసరుకుతో, ఏ పాత ప్లాస్టిక్ కరిగించి చేశారో తెలియని కవర్‌లో ఏముందో చూసి చెప్పలేం. కొన్నవాళ్లకు తెలియదు. అమ్మినవాళ్లకూ తెలియదు.

చాయ్ కప్పులో 25 వేల రేణువులు

'పేపర్ కప్పే కదా, ప్లాస్టిక్ కాదుగా' అనుకునేవాళ్లే ఎక్కువ. ఒట్టి పేపర్‌లో చాయ్ పోస్తే నిమిషంలో నానిపోతుంది. నానకుండా ఉండటానికి లోపలివైపు సన్నటి ప్లాస్టిక్ పొర వేస్తారు. ఎక్కువగా పాలిథిలీన్ పొర ఉంటుంది.

ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో ఈ పొరనే పరీక్షించారు. 85 నుంచి 90 డిగ్రీల వేడి ఉన్న 100 మిల్లీలీటర్ల నీటిని ఇలాంటి కప్పుల్లో పోసి 15 నిమిషాలు ఉంచారు. సుమారు 25 వేల మైక్రో ప్లాస్టిక్ రేణువులు నీళ్లలోకి దిగాయి. ఆ లెక్కన రోజుకు మూడు కప్పులు తాగే మనిషి కంటికి కనిపించని 75 వేల రేణువులు మింగుతున్నట్టు.

ఆ వెంటనే తాగేస్తే 15 నిమిషాలు పట్టదు కదా అని అనొచ్చు. నిజమే, తక్కువ సమయమైతే తక్కువే దిగుతాయి. కానీ ముచ్చట్లు పెట్టుకుంటూ తాగే చాయ్ ఎంతసేపు కప్పులో ఉంటుందో చాయ్ కొట్టు దగ్గర నిలబడ్డ ఎవరికైనా తెలుసు.

ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తాయి?

ఇక్కడ భయపెట్టడం తేలిక, నిజం చెప్పడం కష్టం. ఒక పేపర్ కప్పు చాయ్ తాగితే ఎవరికీ రోగం రాదు. సమస్య రోజూ, ఏళ్ల తరబడి, పది వైపుల నుంచి కొద్దికొద్దిగా చేరడంతోనే.

ఇటలీ వైద్యులు చేసిన ఒక అధ్యయనం 2024 మార్చిలో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చింది. మెడలోని రక్తనాళాల్లో కొవ్వు పేరుకుపోయి ఆపరేషన్ చేయించుకున్న 257 మందిని గమనించారు. వాళ్లలో 150 మందికి తీసిన కొవ్వు పూతలో పాలిథిలీన్ రేణువులు దొరికాయి. ప్లాస్టిక్ దొరికినవాళ్లకు ఆ తర్వాత సుమారు మూడేళ్లలో గుండెపోటు, పక్షవాతం లేదా మరణం ముప్పు మిగతావాళ్లతో పోలిస్తే నాలుగున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. ప్లాస్టిక్ వల్లే అలా జరిగిందని ఈ అధ్యయనం తేల్చలేదు. రెండూ కలిసి కనిపించాయని మాత్రమే చెప్పింది. ప్రపంచమంతా ఈ విషయాన్ని సీరియస్‌గా తీసుకోవడానికి మాత్రం అది చాలు.

ఇక రెండో రకం, హార్మోన్లతో ఆడుకునే రసాయనాలు. గట్టి ప్లాస్టిక్ సీసాల్లో, టిన్ డబ్బాల లోపలి పూతలో వాడే బీపీఏ ఇందులో ముందుంటుంది. ఒంట్లో ఇది ఈస్ట్రోజెన్ హార్మోన్‌లా నటిస్తుంది. యూరప్ ఆహార భద్రత సంస్థ 2023లో దీని సురక్షిత పరిమితిని ఒక్కసారిగా 20 వేల రెట్లు తగ్గించింది. అంత తగ్గించాల్సిన పనిలేదని జర్మనీ ప్రభుత్వ సంస్థ వాదించింది. అంటే శాస్త్రవేత్తల మధ్య చర్చ ఇంకా నడుస్తోంది. అయినా తిండికి తగిలే వస్తువుల్లో బీపీఏను నిషేధిస్తూ యూరప్ చేసిన చట్టం 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది.

మన దేశంలో పిల్లల పాల సీసాల్లో బీపీఏ ఉండకూడదని బీఐఎస్ ప్రమాణం 2015లోనే చెప్పింది. 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మరో అడుగు వేసి, తిండికి తగిలే ప్యాకింగ్‌లో బీపీఏతో పాటు నూనె అంటకుండా పూసే పీఫాస్ రసాయనాలనూ ఆపాలంటూ ముసాయిదా విడుదల చేసింది. దిశ సరైనదే. కానీ ముసాయిదా సిద్దిపేట చాయ్ కొట్టు దాకా రావడానికి చాలా దూరం ఉంది.

చట్టం ఎక్కడ ఆగిపోయింది?

2022 జులై 1 నుంచి దేశమంతటా 19 రకాల సింగిల్ యూజ్ ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం ఉంది. ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న పేపర్ కప్పు మాత్రం లేదు. తమిళనాడు 2019 జనవరి నుంచే తన రాష్ట్రంలో వీటినీ నిషేధిత జాబితాలో పెట్టింది.

చేతి సంచులకు 120 మైక్రాన్ల మందం ఉండాలన్న నిబంధన కూడా ఉంది. దీనిపై జనంలో ఒక అపోహ ఉంది. మందంగా ఉంటే మంచి కవర్ అనుకుంటారు. మందం కొలత పెట్టింది చెత్త కోసం. మందంగా ఉంటే మళ్లీ వాడతారు, ఏరుకునేవాళ్లకు గిట్టుబాటు అవుతుంది, గాలికి ఎగిరి కాలువల్లో పడదు. అంతే తప్ప 120 మైక్రాన్ల కవర్‌లో వేడి సాంబార్ పోస్తే క్షేమమని ఆ నిబంధన ఎక్కడా చెప్పలేదు.

న్యూస్ పేపర్ సంగతి ఇంకా విచిత్రం. తినేవాటిని న్యూస్ పేపర్‌లో చుట్టడాన్ని 2018 నిబంధనలే నిషేధించాయి. అచ్చు సిరాలో సీసం వంటి భార లోహాలు ఉంటాయని, వేడి నూనె తగిలితే అవి తిండిలోకి దిగుతాయని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2023 సెప్టెంబర్‌లో మళ్లీ హెచ్చరించింది. అయినా బజ్జీల బండి దగ్గర ఏం మారింది? పేపర్ తేదీ ఒక్కటే.

ప్యాడ్ల దగ్గరా ఇదే కథ

సిద్దిపేటలో మరో ప్రయత్నం కూడా జరిగింది. పేరు 'రుతుప్రేమ'. 2021లో మొదలైన ఈ కార్యక్రమంలో మహిళలకు మెన్‌స్ట్రువల్ కప్పులు, ఉతికి వాడుకునే క్లాత్ ప్యాడ్లు ఇచ్చి, వాటిపై అవగాహన కల్పించారు. దీనికీ మూలం చెత్తే. వాడి పారేసే ప్యాడ్‌లో ఎక్కువ భాగం ప్లాస్టికే. మున్సిపల్ సిబ్బంది చేతులతో ఏరాల్సి వచ్చేది. కుప్పలో కలిస్తే వందల ఏళ్లు మట్టిలో కలవనిది.

ఆ మరుసటి ఏడాదే, 2022 నవంబర్‌లో, ఢిల్లీకి చెందిన టాక్సిక్స్ లింక్ అనే సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. మార్కెట్‌లో దొరికే 10 రకాల శానిటరీ ప్యాడ్లను పరీక్షిస్తే అన్నింటిలోనూ ఫథలేట్లు దొరికాయి. ఆవిరయ్యే స్వభావం ఉన్న ఇతర రసాయనాలూ బయటపడ్డాయి. 'ఆర్గానిక్' అని రాసి అమ్మేవాటికీ మినహాయింపు లేదు. ఫథలేట్లు హార్మోన్లపై ప్రభావం చూపే రసాయనాలు. ప్యాడ్ తగిలి ఉండే చోట చర్మం చాలా పల్చగా ఉంటుంది, రసాయనాలను తేలిగ్గా పీల్చుకుంటుంది. పైగా నెలకు నాలుగైదు రోజులు, ముప్పై నలభై ఏళ్ల పాటు వాడేది.

రసాయనం దొరికింది కాబట్టి జబ్బు ఖాయమని ఈ నివేదిక అర్థం కాదు. ప్యాడ్లు మానేసి మురికి గుడ్డ వాడమని అంతకన్నా కాదు. దాంతో ఇన్ఫెక్షన్ ముప్పు నేరుగా ఉంటుంది. క్లాత్ ప్యాడ్ అయితే శుభ్రంగా ఉతికి ఎండలో ఆరేయాలి. కప్పు అయితే మరిగించి వాడాలి. దానికి నీళ్లు కావాలి, బాత్రూమ్ కావాలి, దండెం మీద ఆరేసినా ఎవరూ వింతగా చూడని ఇల్లు కావాలి. అందుకే చేతిలో కిట్ పెడితే సగం పనే అయినట్టు. మిగతా సగం ఇంట్లోవాళ్ల చేతిలో ఉంది.

స్టీల్ బ్యాంక్, రుతుప్రేమ.. రెండూ చెత్తబండి దగ్గర మొదలై ఒంటి దాకా వచ్చినవే. ఊరికి చెడు చేసే వస్తువు చాలాసార్లు ఒంటికీ మంచి చేయదని ఈ రెండూ చూపించాయి.

కాల్చేస్తే పోతుందా?

పోదు, ఇంకో దారిలో తిరిగి వస్తుంది. చలికాలం పొద్దున్నే ఇంటి ముందు చెత్తకు నిప్పంటించి చలి కాచుకోవడం ఊళ్లలో మామూలే. అందులో కవర్లు, ప్యాడ్లు, డైపర్లు కూడా ఉంటాయి. ముఖ్యంగా క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ తక్కువ వేడిలో కాలినప్పుడు డయాక్సిన్లు పుడతాయి. వీటిలో అత్యంత విషపూరితమైన రకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం, మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి జాబితాలో పెట్టింది. గాలిలో కొంత, బూడిదతో నేలలో కొంత, అక్కడి నుంచి గడ్డిలోకి, గేదె పాలలోకి, కోడిగుడ్డులోకి చేరతాయి. చెత్తను బహిరంగంగా కాల్చకూడదన్న నిబంధన 2016 నుంచే ఉంది.

మరి చాయ్ కొట్టుకు బ్యాంక్ ఎందుకు లేదు?

దావత్‌లో ప్లేటు మారడానికి కారణం జనంలో ఉన్నట్టుండి చైతన్యం రావడం కాదు. స్టీల్ ప్లేటు దగ్గర్లో, చవగ్గా, లెక్కగా దొరకడం. డిస్పోజబుల్ కొనడం కన్నా బ్యాంక్ దగ్గరికి వెళ్లడం తేలికైంది కాబట్టి అలవాటు మారింది. మనుషుల్ని మార్చకుండా ఏర్పాటును మార్చారు. అందుకే పనిచేసింది.

చాయ్ కొట్టు దగ్గర ఆ ఏర్పాటు లేదు. గాజు గ్లాసు వాడాలంటే కడిగే మనిషి కావాలి, నీళ్లు కావాలి, పగిలితే నష్టం భరించాలి. కరోనా తర్వాత 'ఎవరో తాగిన గ్లాసు' అన్న భయం గిరాకీల్లో ఇంకా పోలేదు. పేపర్ కప్పు అయితే ఈ తలనొప్పి ఉండదు. కొట్టు నడిపే మనిషిని తప్పుబట్టి లాభం లేదు. ఆయనకు దొరికిన దారి అది.

స్టీల్ బ్యాంక్‌కూ ఈ ఇబ్బంది ఉండేది. బాసన్లు తోమేదెవరు? ఆ భారం మళ్లీ ఇంటి ఆడవాళ్ల మీదే పడితే నాలుగు ఫంక్షన్ల తర్వాత జనం డిస్పోజబుల్‌కే పోతారు. అద్దెలోనే తోమే కూలి కలిపితే ఆ పని కూడా ఒక ఉపాధి అవుతుంది. చాయ్ గ్లాసులకూ ఇదే లెక్క వేయొచ్చు. బస్టాండ్, మార్కెట్ లాంటి చోట్ల పది కొట్లకు కలిపి వేడినీళ్లతో గ్లాసులు కడిగే ఒకే కేంద్రం పెట్టి, సంఘం మహిళలకు అప్పగిస్తే? కర్రీ పాయింట్‌లో సొంత డబ్బా తెచ్చుకున్నవాళ్లకు రెండు రూపాయలు తగ్గిస్తే? పెద్ద బడ్జెట్ పనులేం కావివి.

అడగడానికి ఇది సరైన సమయం కూడా. తెలంగాణలో గ్రామ పంచాయతీలు దాదాపు రెండేళ్లు సర్పంచ్‌లు లేకుండా ప్రత్యేకాధికారుల పాలనలో నడిచాయి. 2025 డిసెంబర్‌లో ఎన్నికలు జరిగి కొత్త పాలకవర్గాలు వచ్చాయి. స్టీల్ బ్యాంక్‌లో ఎన్ని ప్లేట్లు మిగిలాయి, ఎన్ని పోయాయి, తాళం ఎవరి దగ్గర ఉంది.. గ్రామసభలో అడగాల్సిన ప్రశ్నలివి. ఒక నాయకుడి చొరవతో పుట్టిన పని, నాయకుడితో సంబంధం లేకుండా నడిచినప్పుడే ఊరి సొంతమవుతుంది.

ఇంట్లో ఏం చేయొచ్చు?

అన్నీ ఒక్కరోజులో మారవు. వేడి, నూనె, పులుపు.. ఈ మూడు ప్లాస్టిక్‌కు తగలకుండా చూసుకుంటే చాలావరకు పని అయినట్టే.

• కర్రీ పాయింట్‌కు వెళ్లేటప్పుడు స్టీల్ డబ్బా తీసుకెళ్లండి. మర్చిపోతే, ఇంటికి రాగానే కూరను కవర్‌లోంచి స్టీల్ గిన్నెలోకి మార్చండి.

• ఆఫీసులో, కొట్టులో రోజూ చాయ్ తాగేవాళ్లు సొంత స్టీల్ గ్లాసు పెట్టుకోండి.

• పచ్చళ్లు గాజు సీసాలోనో జాడీలోనో ఉంచండి. పులుపు, నూనె, నెలల సమయం.. మూడూ కలిసేది అక్కడే.

• ప్లాస్టిక్ డబ్బాలో మైక్రోవేవ్ చేయకండి. డబ్బా అడుగున త్రికోణంలో ఉండే అంకె ప్లాస్టిక్ రకాన్ని చెబుతుంది తప్ప వేడికి క్షేమమని గ్యారంటీ ఇవ్వదు.

• బజ్జీలు న్యూస్ పేపర్‌లో ఇస్తే వద్దని చెప్పండి. మోదుగాకు ఇస్తరి, అరటాకు ఇంకా మన దగ్గర దొరుకుతున్నాయి.

• గర్భిణులు, పసిపిల్లల విషయంలో ఈ జాగ్రత్తలు రెట్టింపు ఉండాలి. ఎదిగే ఒంటిలో హార్మోన్ల పని ఎక్కువ.

• ఆహార భద్రతపై ఫిర్యాదుకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్ ఫ్రీ నంబర్ 1800112100. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లోనూ చేయొచ్చు.

మన తాతలు ఇస్తరాకులో తిన్నారు, కంచు గ్లాసులో తాగారు. అప్పుడు రసాయనాల గురించి చదువుకోనక్కర్లేదు, ఎందుకంటే తిండికి తగిలేది ఏంటో అందరికీ తెలుసు. ఇప్పుడు కప్పు లోపల ఏ పొర ఉందో, కవర్ దేంతో చేశారో కొనేవాళ్లకు తెలియదు. తెలియని దాన్ని వేడి చాయ్‌తో కలిపి రోజుకు మూడుసార్లు తాగుతున్నాం. సిద్దిపేట దావత్‌లో ఆ అలవాటు మార్చి చూపించింది. ఇక మారాల్సింది బస్టాండ్ పక్కన చాయ్ కొట్టు దగ్గర.